ఏడో స్లయిడు ఖాళీ

సువర్ణలత తప్పు చేయడానికి ఇక ఇరవై మూడు రోజులే మిగిలాయి.

చేయలేకపోతే బి.ఎడ్. పాస్ కాదు. బి.ఎడ్. పాస్ కాకపోతే టీచరు పోస్టుకి దరఖాస్తు పెట్టలేదు. ఈసారి పెట్టలేకపోతే ఇక ఈ జన్మలో పెట్టలేదు. ఆమెకి నలభై మూడేళ్ళు నిండాయి. నలభై నాలుగు దాటితే దరఖాస్తు ఫారం ఆమె పుట్టినతేదీని తీసుకోదు.

ఇరవై ఏళ్ళుగా ఇంటి వరండాలో పిల్లలకి లెక్కలు చెబుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, హాజరు పట్టీ చంకన పెట్టుకుని తన సొంత క్లాసులోకి నడవాలని కోరిక. అందుకే కూతురి వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, జ్ఞానశిఖర బి.ఎడ్. కాలేజీలో ఏడాదిన్నర చదివింది. పరీక్షలన్నీ అయిపోయాయి. మిగిలింది స్కూల్లో పదహారు వారాల ఇంటర్న్‌షిప్పు, దాని చివర కమిటీ ముందు ప్రెజెంటేషను.

పన్నెండు స్లయిడ్లు. అందులో పదింటికి కలిపి ఇరవై మార్కులు. ఏడో స్లయిడుకి నలభై. ఎనిమిదో స్లయిడుకి నలభై.

ఏడో స్లయిడు పేరు: "నా వైఫల్యం."

ఎనిమిదో స్లయిడు పేరు: "ఆ వైఫల్యం నుండి నా ఎదుగుదల."

సువర్ణలత ఏడో స్లయిడు ఖాళీగా ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ డాక్టర్ మార్కండేయులు, ఆమె రికార్డు పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. "పదమూడు వారాలైంది. వైఫల్యం ఎక్కడ?"

"లేదండీ. పిల్లలకి అర్థమైందండీ."

"అన్నీనా?"

"ఆలస్యంగానైనా, అన్నీ అర్థమయ్యాయండీ."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడిచారు. మనసు కష్టపడ్డప్పుడల్లా ఆయన అది తుడుస్తారు. "చూడమ్మా. ఉపాధ్యాయుడికి ఆత్మావలోకనం ప్రాణం. ఆత్మావలోకనానికి వైఫల్యం ముడిసరుకు. ముడిసరుకు లేకుండా మిల్లు ఆడించమంటావు. ఇది క్షేత్రస్థాయిలో ఆచరణ సాధ్యమేనా?"

"మరి, వైఫల్యం లేకపోవడమే నా వైఫల్యమని రాసుకోనాండీ?"

ప్రిన్సిపాల్ గారు పక్కకి చూశారు. పక్కన హైమవతి మేడమ్ ఉన్నారు. ఇంటర్న్‌షిప్పు పర్యవేక్షణ ఆవిడదే. సర్క్యులరు ఆవిడకి కంఠతా వచ్చు.

"కుదరదండీ," అన్నారు హైమవతి మేడమ్. "నాలుగో నిబంధన. తరగతిలో కనీసం అరవై శాతం మందికి పాఠం అర్థం కాకూడదు. అర్థం కానట్టు ముఖాలు స్పష్టంగా కనిపించే ఫోటో జతపరచాలి. మళ్ళీ బోధించాక కనీసం ముప్పై శాతం మందికి అర్థం కావాలి. అది ఎనిమిదో స్లయిడు."

"విన్నావుగా! మిగతా వాళ్ళని చూసి నేర్చుకోమ్మా. ఆ సోషల్ అబ్బాయి మ్యాపు తలకిందులుగా తగిలించి నలభై నిమిషాలు చెప్పాడు. ఎంత నిండైన వైఫల్యం! నీకు ఇరవై మూడు రోజులు టైమిస్తున్నాను. కష్టపడు."

*

ఇంటర్న్‌షిప్పు బడి హెడ్‌మాస్టరు కూర్మారావు గారు సంగతంతా విని తేలిగ్గా నవ్వేశారు.

"ఓస్, ఇంతేనేటమ్మా! నిన్ను 7-ఎ లో వేసీడం మా పొరపాటు. నీకు కావలసింది 7-బి. పదకొండేళ్ళుగా మీ కాలేజీ ట్రైనీలందరూ 7-బి లోనే ఫెయిలవుతున్నారు. మంచి పేరున్న క్లాసు."

ఆయన గోడ మీది టైంటేబుల్ చూపించారు. 7-బి గడుల్లో సబ్జెక్టులు లేవు. "సోమ: అర్థం కాదు. మంగళ: అర్థం కాదు. బుధ: కొంత అర్థమగును. గురు: ఫోటో" అని ఉంది.

"మరి పిల్లలు నేర్చుకునేది ఎప్పుడండీ?"

"ట్రైనీలు ఎల్లిపోయాక వేసవి సెలవులుంటాయి కదమ్మా," అన్నారు కూర్మారావు గారు.

7-బి లో ముప్పై ఎనిమిది మంది. సువర్ణలత అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల ఒకతి ఇవతలికి వచ్చింది. పేరు పైడితల్లి. క్లాస్ లీడరు.

"ఎలాటి అర్థం కాకపోవడం కావాలి టీచరూ? మాకాడ మూడు రకాలున్నాయి."

"మూడు రకాలా?"

"ఒకటో రకం, ఫ్యాను కేసి చూడ్డం. రెండో రకం, తలూపుతాం గానీ కళ్ళలో ఏటీ ఉండదు. మూడో రకం ఏడుపు. అది శుక్రవారమే చేస్తాం. ఏడిస్తే ఆకలేస్తాది టీచరూ. శుక్రవారం గుడ్డు పెడతారు."

సువర్ణలత ఆ పిల్ల మొహంలోకి చూసింది. పన్నెండేళ్ళు కూడా నిండని మొహం. పదకొండేళ్ళ అనుభవం ఉన్నట్టు మాట్లాడుతోంది. ఈ పనిలో అక్క దగ్గర్నించి చెల్లికి శిక్షణ అందుతుందని తర్వాత తెలిసింది.

"రెండో రకం," అంది గొంతు తగ్గించి.

"డైరెక్ట్‌గా చెప్పండి టీచరూ, మొహమాటం వద్దు. ఒరేయ్, రెండో రకమంట!"

ముప్పై ఎనిమిది మొహాలు ఒక్కసారిగా ఆరిపోయాయి.

పాఠం: భిన్నాలతో భాగహారం. సువర్ణలత బెల్లం అచ్చులు మూడు తెచ్చింది, ఎందుకంటే ఆమెకి ఇంకోలా చెప్పడం రాదు. "మూడు అచ్చులున్నాయి. మనిషికి సగం అచ్చు. ఎంతమందికి వస్తుంది?" అంటూ ఒక అచ్చు పటుక్కున విరిచింది.

విరిచిన చప్పుడుకి నాలుగో బెంచీలో ఒకడి కనుబొమ్మ లేచింది. సువర్ణలత రెండో అచ్చు విరిచింది. ఇంకో నలుగురు లెక్కపెట్టడం మొదలెట్టారు. మూడోది విరిచేసరికి క్లాసంతా అరిచింది.

"ఆరు!"

సరిగ్గా ఆ క్షణంలోనే, టైమరు పెట్టి కిటికీలో నిలబెట్టిన ఆమె ఫోను కెమెరా నొక్కుకుంది. ఫోటోలో ముప్పై ఎనిమిది మందీ చేతులెత్తి నవ్వుతున్నారు. పైడితల్లి బెంచీ ఎక్కి ఉంది.

ఒక్కొక్కరే చేతులు దించేశారు.

"సారీ టీచరూ," అంది పైడితల్లి బెంచీ దిగుతూ. ఆమె మొహం నిజంగానే వాడిపోయింది. "మర్చిపోయి అర్థం చేసేసుకున్నాం."

*

మర్నాటి నుంచి సువర్ణలత మనస్ఫూర్తిగా చెడగొట్టింది. బోర్డు మీద తప్పు రాసింది, పిల్లలు దిద్దారు. బోర్డు వైపు తిరిగి తనలో తనే గొణిగింది. వెనక పిల్లలు ఒకరికొకరు చెప్పుకుని పూర్తి చేశారు. ఒకరోజు పీరియడంతా నోరు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. టీచరుకి ఒంట్లో బాగోలేదని జాలిపడి తర్వాతి పాఠం కూడా వాళ్ళే చదివేసుకున్నారు.

చివరికి పైడితల్లి మీటింగ్ పెట్టింది. 7-బి పరువు పోతోందని చెప్పింది. టీచరుకి ఉద్యోగం రాకుండా పోతుందని కూడా చెప్పింది. శుక్రవారం పరీక్షలో అందరూ ఫెయిలవ్వాలని తీర్మానం చేసింది.

పరీక్షలో ఇరవై తప్పొప్పుల ప్రశ్నలు. పేపర్లు దిద్దడానికి హైమవతి మేడమ్ స్వయంగా వచ్చారు. ముప్పై ఎనిమిది మందికీ సున్నా వచ్చింది.

సువర్ణలతకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫలించింది!

హైమవతి మేడమ్ పేపర్లన్నీ సర్ది, ఎర్ర పెన్ను మూత పెట్టారు.

"అనుమానాస్పదం," అన్నారు.

"ఎందుకండీ?"

"ఏమీ తెలియని వాడు కళ్ళు మూసుకుని పెట్టినా ఇరవైలో పది రైటవుతాయి. ఇరవైకి ఇరవై తప్పు చేయాలంటే ఇరవైకి ఇరవై తెలిసుండాలి. అందరికీ క్షుణ్ణంగా అర్థమైందన్నమాట." ఆవిడ రికార్డులో రాసేశారు: 'తరగతి యావత్తు అవగాహనను దాచిపెట్టినది. వైఫల్యం తిరస్కరించడమైనది.'

అక్కడితో ఇరవై మూడు రోజులూ అయిపోయాయి.

*

ప్రెజెంటేషను రోజు. మధ్యాహ్నం మూడున్నర.

దరఖాస్తుకి ఆఖరి రోజు కూడా ఆ రోజే. ఐదింటికి సైటు మూసేస్తారు. కమిటీ అక్కడికక్కడే సంతకం చేసిచ్చే ఇంటర్న్‌షిప్పు సర్టిఫికెట్టు ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే తప్ప ఆ దరఖాస్తు ముందుకి కదలదు.

కమిటీలో ముగ్గురు. మధ్యలో ప్రిన్సిపాల్ మార్కండేయులు గారు. ఎడమ పక్క హైమవతి మేడమ్. కుడి పక్క బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ అప్పలాచారి గారు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ ముందు టీ కప్పులు, ఒక ప్లేట్లో బిస్కెట్లు.

ప్రతి ట్రైనీ ఒక విద్యార్థిని ప్రత్యక్ష సాక్ష్యంగా తీసుకురావాలని తొమ్మిదో నిబంధన. సువర్ణలత పక్కన పైడితల్లి నిలబడింది. చేతిలో సువర్ణలత ఫోను. పన్నెండో స్లయిడు కోసం ప్రెజెంటేషను ఫోటో తీయాలి, అది ఆ పిల్ల పని.

ముందున్న సోషల్ అబ్బాయి ఏడో స్లయిడు దగ్గర వెక్కి వెక్కి ఏడ్చాడు. తలకిందుల మ్యాపు చూసి ఒక విద్యార్థి హిమాలయాలు కన్యాకుమారిలో ఉన్నాయనుకున్నాడట. కమిటీ చప్పట్లు కొట్టింది. నలభైకి నలభై.

సువర్ణలత మొదలెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఆరు దాటింది. ఏడో స్లయిడు తెల్లగా మెరిసింది. ప్రొజెక్టరు వెలుగులో ఒక బల్లి మాత్రం కనిపించింది.

"ఖాళీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు. చేయి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. "చాలా విచారకరం. మిగతా పది స్లయిడ్లూ ముందే చూశాం, తొమ్మిది మార్కులొచ్చాయి. వందకి తొమ్మిది. నెక్స్ట్."

టైము నాలుగూ ఐదు.

"ఆగండాగండి," అన్నారు అప్పలాచారి గారు బిస్కెట్టు టీలో ముంచుతూ. "ఏమ్మా, అంత బాగా అర్థమైన పాఠం ఏమిటది?"

"భిన్నాలతో భాగహారమండీ."

"అదా! చిన్నప్పుడు తిరగేసి గుణించమన్నారు. గుణించాను. ఎందుకు తిరగేయాలో ఎవరూ చెప్పలేదు. నాకు అరవై రెండేళ్ళొచ్చాయి. ఓసారి చెప్పు."

ఎగ్జామినర్ అడిగితే కాదనే నిబంధన లేదు. సువర్ణలత ప్లేట్లోంచి మూడు బిస్కెట్లు తీసింది. "మూడు బిస్కెట్లండీ. మనిషికి సగం. ఎందరికి వస్తాయి?"

"ఒకటిన్నర మందికి," అన్నారు ప్రిన్సిపాల్ గారు వెంటనే.

పైడితల్లి తల గిరుక్కున తిప్పి ఆయన్ని చూసింది.

సువర్ణలత బిస్కెట్లు విరిచి వరసగా పేర్చింది. "ఆరు ముక్కలండీ. ఆరుగురికి. అంటే మూడుని సగంతో భాగిస్తే ఆరు."

"అదెలా కుదురుతుందమ్మా? భాగించడం అంటేనే తగ్గడం. మా నాన్నగారి పొలం మా అన్నదమ్ములం భాగించుకున్నాం. పెరిగిందా?"

"మీరు మనుషుల సంఖ్యతో భాగించారండీ. ఇది ముక్క సైజుతో..."

"సైజు తగ్గితే జవాబూ తగ్గాలి. అది ప్రకృతి ధర్మం."

సువర్ణలత రెండోసారి చెప్పింది. బోర్డు మీద గీతలు గీసి మూడోసారి చెప్పింది. మూడోసారికి అప్పలాచారి గారి చేతిలోని బిస్కెట్టు టీలో పడిపోయింది.

"ఓహో! మూడింట్లో ఎన్ని సగాలున్నాయనా అడుగుతున్నది? ఒక్కోదాంట్లో రెండు! అందుకా తిరగేసేది! అమ్మా, యాభై ఏళ్ళ తర్వాత నాకు అర్థమైపోయింది!"

"నాకు మాత్రం అర్థం కాలేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చూపు మెల్లిగా ఫ్యాను మీదికి వెళ్ళింది.

క్లిక్.

అందరూ తిరిగి చూశారు. పైడితల్లి ఫోను దించింది.

"టీచరూ," అంది ఊపిరి బిగబట్టి. "ఒకటో రకం. యాక్షన్ కాదు టీచరూ. ఒరిజినల్!"

*

నాలుగూ ఇరవై ఐదు.

"సరిగ్గా ఉంది," అన్నారు హైమవతి మేడమ్ ఫోటో పరిశీలించి. "అర్థం కానట్టు ముఖం స్పష్టంగానే కనిపిస్తోంది. తరగతి ఎక్కడ ఉండాలో సర్క్యులర్లో లేదు. విద్యార్థి వయసు కూడా లేదు."

ప్రిన్సిపాల్ గారు నిటారుగా కూర్చున్నారు. "నాకు అర్థమైంది! ఏదో పరీక్షిద్దామని అలా అన్నాను."

"నాలుగుని సగంతో భాగిస్తే ఎంతండీ సార్?" అంది పైడితల్లి వినయంగా.

"రెండు!"

అప్పలాచారి గారు గొంతు సవరించుకున్నారు. "ప్రిన్సిపాల్ గారూ, మినిట్స్‌లో ఏదో ఒకటి రాయాలి కదా. తమకి పాఠం అర్థమైందని రాస్తే, రుజువుగా తమరిచ్చిన ఈ 'రెండు' అన్న జవాబు కూడా జతపరచాలి. అది యూనివర్సిటీకి వెళ్తుంది. అలా కాక, చెప్పడం ఈవిడకే చేతకాలేదని రాశారనుకోండి..."

"తప్పు ఆవిడదవుతుంది," అన్నారు ప్రిన్సిపాల్ గారు నెమ్మదిగా.

"పూర్తిగా."

ఆయన మొహం వికసించింది. "రాయండి మేడమ్! సదరు ట్రైనీ బోధనలో ఘోరంగా, సంపూర్ణంగా విఫలమైనది. మూడుసార్లు ప్రయత్నించినప్పటికీ సాక్షాత్తూ ప్రిన్సిపాల్ అంతటి వాడికే అర్థం చేయించలేకపోయినది!"

"కానీ ఒక్కరే అండీ," అన్నారు హైమవతి మేడమ్. "అరవై శాతం ఉండాలి. అప్పలాచారి గారికి అర్థమైంది. ఇక నేను..."

హైమవతి మేడమ్‌కి అర్థమైందో లేదో ఆవిడ మొహం చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆవిడ సర్క్యులరు తిరగేశారు. సర్వీసు రూల్సు తిరగేశారు. ప్రిన్సిపాల్ గారి వంక ఒకసారి చూశారు.

"పై అధికారికి అర్థం కానిది కింది ఉద్యోగికి అర్థమవడం క్రమశిక్షణ కాదండీ," అన్నారు. "నాకూ అర్థం కాలేదు."

"ముగ్గురిలో ఇద్దరు! అరవై ఆరు శాతం!" అన్నారు అప్పలాచారి గారు.

"ఏడో స్లయిడుకి నలభైకి నలభై," అన్నారు హైమవతి మేడమ్. "తొమ్మిదీ నలభై, నలభై తొమ్మిది. పాస్ మార్కు యాభై."

ఒక్క మార్కు. టైము నాలుగూ నలభై.

"ఎనిమిదో స్లయిడు ఉంది కదండీ," అంది సువర్ణలత. "మళ్ళీ బోధించాక ముప్పై శాతం మందికి అర్థం కావాలి. మొదటిసారి చెప్పినప్పుడు ముగ్గురిలో ఒక్కరికీ అర్థం కాలేదు. మూడోసారికి ఒకరికి అర్థమైంది."

"ముగ్గురిలో ఒకరు. మూడింట ఒకటి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. గోడ గడియారం ముల్లు కదిలిన చప్పుడు వినిపించింది. "మూడు చిన్నది. ముప్పై పెద్దది. కాబట్టి ఇది ముప్పై శాతానికి తక్కువ. విచారకరం."

సువర్ణలత సుద్దముక్క అందుకుంది. చేయి బోర్డు దాకా వెళ్ళింది. పైడితల్లి ఆమె కొంగు పట్టుకుని లాగింది.

"వద్దు టీచరూ! ఈ సారుకి అర్థం చేయించాలంటే ఇంకో పదహారు వారాలు పడతాది."

నాలుగూ నలభై ఆరు.

"హైమవతి గారూ, పద్నాలుగో నిబంధన ఏమిటి?" అన్నారు అప్పలాచారి గారు.

"అంకెల విషయమై భేదాభిప్రాయం వస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌దే తుది నిర్ణయమండీ."

"అయితే ఎక్కువే. నాకిప్పుడు భిన్నాలొచ్చు!" అన్నారు అప్పలాచారి గారు, కొత్త చొక్కా వేసుకున్నంత గర్వంగా, సర్టిఫికెట్టు దగ్గరికి లాక్కుంటూ.

మూడు సంతకాలు పడ్డాయి. ప్రిన్సిపాల్ గారిది అన్నిటికంటే పెద్దది. ఎనభై తొమ్మిది మార్కులు. కాలేజీ చరిత్రలో అంతటి వైఫల్యం ఇంతవరకూ లేదని ఆయన సువర్ణలతని మెచ్చుకున్నారు కూడా. ఇక మీదట ట్రైనీలందరూ కమిటీ ముందే విఫలం కావాలని, తద్వారా బడి దాకా వెళ్ళే శ్రమ తప్పుతుందని అప్పటికప్పుడు తీర్మానం రాయించారు.

నాలుగూ యాభై ఎనిమిదికి సైటు ఆమె పుట్టినతేదీని, సర్టిఫికెట్టుని తీసుకుని, మారుమాట లేకుండా ఒక దరఖాస్తు నంబరు ఇచ్చింది.

*

షేర్ ఆటోలో ఇద్దరే ఉన్నారు.

"టీచరూ, ఇంక ట్రైనింగు టీచర్లు ఆ కమిటీ కాడే ఫెయిలవుతారా?"

"అవును."

"అయితే ఇంక మాకు అర్థమవ్వచ్చా?"

"అవ్వచ్చు," అంది సువర్ణలత.

"సోమవారం కూడానా?"

"సోమవారం కూడా."

పైడితల్లి ఆ సంగతి నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. గౌను జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో ఆరు బిస్కెట్టు ముక్కలు.

"నువ్వు తెచ్చేశావా!"

"సాక్ష్యం టీచరూ, వదిలీకూడదు. మా క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఇవి ఆరే." పైడితల్లి పెదాలు కదిలాయి. "వీటిని సగం చేస్తే పన్నెండు. మళ్ళీ సగం, ఇరవై నాలుగు. మళ్ళీ సగం, నలభై ఎనిమిది. అందరికీ వచ్చీసి ఇంకా పది మిగుల్తాయి!"

"మిగిలిన పదీ ఏం చేస్తావు?"

పైడితల్లి పొట్లం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంది.

"ఆ ప్రిన్సిపాల్ సారుకి పంపించీద్దాం టీచరూ," అంది. "పాపం, ఆయనకింకా అర్థం కాలేదు కదా."